గడప దగ్గర చెప్పిన పేరు

మా ఆయన మూసేసిన యాప్ పొద్దున్నే సూట్‌కేసు లాక్కుంటూ మా ఇంటికి వస్తుంది. బెల్లు కొట్టదు. గుమ్మం బయట నిలబడి, నుదుటి మీద ఫోన్లో లోడింగప్పుడు తిరిగేలాంటి చిన్న తెల్లటి చక్రం తిప్పుకుంటూ, తలుపు తెరుచుకునేదాకా ఎదురుచూస్తుంది.

నేను పాల కింద స్టవ్ కట్టేసి వెళ్లి తలుపు తీస్తాను. చూడగానే ఎవరో తెలుస్తుంది. పెళ్లిచూపుల రోజు ప్రద్యుమ్న తన ఫోన్లో నాకు మొదట చూపించింది వాళ్ల అమ్మానాన్నల ఫొటో కాదు, ఈమెనే. నీలం గడి, మధ్యలో తెల్లటి అల. ఇప్పుడు ఆ నీలం చీర అయింది, అల అంచు అయింది. ఎదురుగా చూస్తే నాకన్నా అందంగా ఉంది. పక్కనుంచి చూస్తే అసలు లేదు, అంత పలచన. నేను పక్కకు జరిగి నిలబడతాను.

"నా పేరు ఝరి," అంటుంది. "ప్రద్యుమ్న గారున్నారా?"

"స్నానం చేస్తున్నారు."

"తెలుసు. ఈ టైముకి చేస్తారు." సూట్‌కేసు గడప దాటిస్తుంది. "నేను రావచ్చు. నన్ను పిలిచారు."

అది నిజమే. పెళ్లయ్యాక మొదటిసారి ఈ ఫ్లాట్‌లో అడుగుపెట్టిన రోజు, మా ఆయన అక్కయ్య లోహిత వదిన గుమ్మానికి అడ్డంగా చేతులు చాచి నిలబడింది. పేర్లు చెప్తేగానీ లోపలికి పోనివ్వనంది. అందరిళ్లలో జరిగేదే. నేను కావలసినంత సిగ్గుపడి, "నేను, ప్రద్యుమ్న గారు వచ్చాం" అన్నాను. ఆయన గొంతు సవరించుకుని, చుట్టాలందరి ముందూ, "నేను, ఝరి వచ్చాం" అన్నాడు.

కథలు, నాటకాలు వినిపించే ఆ యాప్ బతికున్న రోజుల్లో పెట్టుబడి కోసం ఏ ఆఫీసు మెట్లెక్కినా ఆయన మొదటి మాట అదేనట. నాలుక దానికే అలవాటు పడింది. అందరూ విరగబడి నవ్వారు. హారతి పళ్లెంలో కర్పూరం ఆరిపోతోందని వదిన చేతులు దించేసింది. మళ్లీ చెప్పించలేదు.

గడపకు నవ్వులు అర్థం కావు. చెప్పిన పేరు రాసుకుంటుంది, అంతే.

ప్రద్యుమ్న తల తుడుచుకుంటూ బయటికి వస్తాడు. ఝరిని చూసి ఆశ్చర్యపోడు. ఊరి నుంచి ఆలస్యంగా వచ్చిన బస్సును చూసినట్టు చూస్తాడు.

"ఇన్నాళ్లూ ఎక్కడున్నావు?"

"సర్వర్లో. ఖాళీ చెయ్యమన్నారు."

ఆయన నావైపు తిరుగుతాడు. నా పేరు పిలవాలని నోరు తెరుస్తాడు. "హి" దగ్గర ఆగిపోతాడు. నాలుక మీద తెల్లటి చక్రం ఒకటి తిరగడం నాకు స్పష్టంగా కనబడుతుంది. అది తిరుగుతుంది, తిరుగుతుంది. చివరికి ఆయన నోరు మూసుకుని మళ్లీ తెరుస్తాడు.

"ఝరీ, పొడి టవలు ఇవ్వు," అంటాడు నాతో.

ఇద్దరం రెండు టవళ్లు అందిస్తాం. ఆయన ఆమెది తీసుకుంటాడు. అది దగ్గరగా ఉంది కాబట్టి అంటాడు. నేను కొలుస్తాను. నాదే దగ్గర.

*

పెళ్లయి నెల కూడా కాలేదు. నాకు ఈ ఇంట్లో ప్రతిదీ ముద్దొస్తుంది. ఒకే గ్లాసులో రెండు టూత్‌బ్రష్షులు ఒకదాని మీద ఒకటి వాలి నిలబడడం. చెప్పుల స్టాండులో ఆయన చెప్పు నా చెప్పు మీద కాలు వేసుకుని పడుకోవడం. బాల్కనీలోంచి మొగల్రాజపురం కొండ ఒక ముక్క, సరిగ్గా ఇడ్లీ అంత, కనబడడం. వదిన ఉన్నప్పుడు ఆయన్ని మీరు అనడం, వదిన లిఫ్టు ఎక్కగానే నువ్వు అనడం.

అన్నిటికన్నా గిన్నెలు. మా అమ్మ స్టీలు సామాను మొత్తం మీద పేర్లు కొట్టించి ఇచ్చింది. ప్రతి గిన్నె అంచున చుక్కలు చుక్కలుగా మా ఇద్దరి పేర్లు, ముందు నాది. పప్పు వడ్డించేటప్పుడు ఆ చుక్కలు వేలికి తగిలితే నాలో నేనే నవ్వుకుంటాను.

ఈ రోజు గ్లాసులో మూడో బ్రష్ ఉంది. నీలం రంగు. దానికి కుచ్చు లేదు.

ఝరి వంటింట్లో ఫ్రిజ్ పక్కన కుర్చీ వేసుకుంటుంది. ఫ్రిజ్ ప్లగ్ పీకేసి, తన జడ చివర ఆ సాకెట్లో పెట్టుకుంటుంది. ముఖంలోకి కళ వస్తుంది. ఫ్రిజ్‌లో పెరుగు పులుస్తుంది.

"అక్కా, కొంచెం కిటికీ వెయ్యరా? ఎండ పడితే నేను కనబడను," అంటుంది.

అక్కా అంటుంది. ఏ ఇంట్లో ఎవరు ఎవర్ని అలా పిలుస్తారో నాకు తెలియదనుకుంటోంది.

"నన్ను అక్కా అనకు."

ఝరి ఆలోచిస్తుంది. "నిజమే. ఆయన జీవితంలోకి నేనే ముందొచ్చాను. మీరే నన్ను అక్కా అనాలి."

నేను కిటికీ రెండు రెక్కలూ బార్లా తెరుస్తాను.

*

ఆదివారం భోజనాలయ్యాక ఝరి చేతులు ఒళ్లో పెట్టుకుని చెబుతుంది. "మీరు ఆ జమీందారు నాటకం రెండో భాగంలో నిద్రపోయారు. ఆవిడ దీపం ఆర్పబోతుండగా."

"అవును!" ప్రద్యుమ్న కంచం ముందు నుంచి లేస్తాడు. "సరిగ్గా అక్కడే. నీకెలా గుర్తుంది?"

"నాకు అన్నీ గుర్తే. మీరు ఎక్కడ ఆగారో, ఎక్కడ వెనక్కి వెళ్లి మళ్లీ విన్నారో, ఎక్కడ కళ్లు తుడుచుకున్నారో."

"అక్కణ్ణుంచి పెట్టు."

ఝరి నోరు తెరుస్తుంది. అందులోంచి ముసలి జమీందారు గొంతు వస్తుంది, తర్వాత గాలి, తర్వాత దూరంగా గుర్రబ్బండి. ఆయన చెయ్యి కడుక్కోకుండా ఆమె ఎదుట కూర్చుంటాడు. నేను పక్కన కూర్చుంటాను. పక్కనుంచి ఆమె కనబడదు. కనబడేది ఖాళీ గోడను చూసి మురిసిపోతున్న మా ఆయన. ఆమె కనబడడం కన్నా ఇది ఘోరం.

నాకు ఆయన ఎక్కడ ఆగాడో ఒక్కటీ తెలియదు. ఏ మాట దగ్గర కళ్లు తుడుచుకుంటాడో తెలియదు. ఆ మాటకొస్తే నా పుస్తకాల్లో నేనెక్కడ ఆగానో కూడా నాకు గుర్తు నిలవదు. బస్సు టికెట్టు, తలపిన్ను, అగ్గిపెట్టె అట్ట, ఏది దొరికితే అది పేజీల మధ్య పెడతాను. అన్నీ జారిపోతాయి. ప్రతిసారీ కొంచెం వెనక నుంచి మొదలుపెడతాను. అందుకని నా పుస్తకాలన్నిట్లో మధ్య పేజీలే ఎక్కువ నలిగి ఉంటాయి.

పెళ్లికి నేను తెచ్చుకున్నది ముఖ్యంగా పుస్తకాలే. లెనిన్ సెంటర్లో ఫుట్‌పాత్ మీద ఒక్కొక్కటీ ఏరుకున్నవి. కొన్న రోజే మొదటి పేజీ పైన, కుడివైపు, నీలం సిరాతో నా పేరు రాస్తాను. అలా రాయని పుస్తకం నాకు అప్పు తెచ్చుకున్నట్టే ఉంటుంది.

"నువ్వూ ఒకటి చదువు," అంటాను ఆయనతో. "నా కోసం. కాగితం మీద."

"చదువుతాను, అదెంత పని." బుద్ధిగా మఠం వేసుకుని కూర్చుంటాడు. ఒక వేలు పేజీ మీద పెట్టి పైకి తోస్తాడు.

పేజీ కదలదు. అక్షరాలు కదులుతాయి. వరసలన్నీ పైకి జారి, పుస్తకం అంచు దాటి, ఆయన ఒళ్లో చీమల్లా రాలతాయి. నేను చాటలోకి ఎత్తుతాను.

తర్వాత రెండు వేళ్లు ఒక మాట మీద ఆనించి, వెడల్పుగా లాగుతాడు. ఫోన్లో బొమ్మ పెద్దది చేసుకునే అలవాటు అది. మాట పెద్దదవుతుంది. అందులో "అ" ఉబ్బి, పేజీ మీంచి లేచి, టీ కప్పు అంత అయి నేల మీద దొర్లుతుంది.

"ఇలా బాగుంది," అంటాడు. "కంటికి హాయిగా ఉంది."

నా పుస్తకాలకు సిగ్గు లేదు. ఇన్నేళ్లుగా ఎన్ని మధ్యాహ్నాలు వాటితో గడిపాను, ఒక్క అక్షరమైనా నా కోసం నువ్వుగింజంత పెరిగిందా? ఆయన వేలు తగిలిందో లేదో వయ్యారాలు పోతున్నాయి.

*

మర్నాడు ప్రద్యుమ్న ఆఫీసుకు వెళ్తాడు. నేను చిక్కుడుకాయల పీచు తీస్తూ కూర్చుంటాను. ఝరి జడ సాకెట్లోనే ఉంచి నాకు ఎదురుగా కూర్చుంటుంది. సహాయం చేస్తానంటుంది గానీ కాయలు ఆమె వేళ్లలోంచి జారి కింద పడతాయి.

"పుస్తకానికి వాసన ఉంటుంది," అంటాను, ఎవరూ అడక్కుండానే. "కొత్తదానికి ఒకలా, పాతదానికి ఒకలా."

"మీకు జలుబు చేసిన రోజు?"

"పుస్తకం ఒకరికి ఇవ్వొచ్చు."

"ఇచ్చినవి తిరిగొచ్చాయా?"

ఒక కాయ విరుస్తాను. రాలేదు.

"నాలో ఎన్నైనా పడతాయి," అంటుంది ఝరి. "మీ అలమరలో ఇంకొక్కటి పట్టదు."

"పట్టదు కాబట్టే ఏది ఉంచుకోవాలో తెలుస్తుంది."

"ఏది తీసెయ్యాలో కూడా."

"పుస్తకం కింద పడితే చప్పుడవుతుంది. నువ్వు పడిపోయినప్పుడు ఎవరికీ వినబడలేదు."

ఆమె నుదుటి మీద చక్రం తిరుగుతుంది. నేను గెలిచాననుకుంటాను. చక్రం ఆగుతుంది.

"ఒకరికి వినబడింది," అంటుంది. "బెంజి సర్కిల్ దగ్గర మేడ మీద ఆఫీసులో నన్ను ఆపేసిన సాయంత్రం, మిగతావాళ్లు కుర్చీలు బేరం పెడుతున్నారు. ఆయన ఒక్కరే నా మొదటి పేజీ తెరిచి కూర్చున్నారు. అది తెల్లగా అయ్యేదాకా కూర్చున్నారు. తెల్లగా అయ్యాక కూడా."

లేచి వెళ్లి పొయ్యి మీది పప్పులో ఉప్పు రెండుసార్లు వేసి వస్తాను. ఆయన నా కోసం ఇంతవరకూ దేని ముందూ అలా కూర్చోలేదు. నేను ఎప్పుడూ మూతపడలేదు కదా. రోజూ తెరిచే ఉంటాను, నవ్వుతూ ఉంటాను. తెరిచి ఉన్నదాని ముందు ఎవరు కూర్చుంటారు?

"ఊరికే ఎందుకు, పని చేసుకుంటూ వినండి," అంటుంది ఝరి. నేను వద్దనే లోపే మొదలుపెడుతుంది. ఈసారి గొంతు ఆడమనిషిది, కొంచెం బొంగురు. వెనకాల లాంచీ ఇంజను.

కృష్ణలో లాంచీ నడిపే ఒక అమ్మాయి. రోజూ పొద్దున ఒకే మనిషిని అవతలి ఒడ్డుకు దింపుతుంది. అతను తిరుగు ప్రయాణం చెయ్యడు. కానీ మర్నాడు మళ్లీ ఇవతలి ఒడ్డునే ఎక్కుతాడు. చేతిలో ఎప్పుడూ ఒక గుడ్డసంచి. అతను దాన్ని కింద పెట్టడు, వర్షం వస్తే సంచి మీదే గొడుగు పడతాడు. ఒకరోజు నది మధ్యలో అతనికి కునుకు పడుతుంది. అమ్మాయి చుక్కాని వదిలేసి, మోకాళ్ల మీద కూర్చుని, సంచి మూతి ముడి విప్పుతుంది. లోపలికి చూస్తుంది. సంచిలో

చక్రం తిరుగుతుంది.

నా చేతిలో కాయ అలాగే ఉంది. "సంచిలో?"

"అంతే. ఆఖరి భాగం ఎక్కించలేదు. ఈలోగా మూసేశారు."

"రాసే ఉంటారుగా?"

"రాయాల్సినాయన వేరే ఉద్యోగంలో చేరిపోయాడు."

"నీక్కూడా తెలీదా?"

"నాకు ఎక్కించినంత వరకే తెలుసు అక్కా."

ఈసారి అక్కా అన్నందుకు కోపం రాదు. ఆ సంగతి చాలాసేపటి తర్వాత గమనించి, అప్పుడు కోపం తెచ్చుకుంటాను.

*

అన్నం వడ్డించుకోబోతే గిన్నె అంచు నా వేలికి కొత్తగా తగులుతుంది. తిప్పి చూస్తాను. "ప్రద్యుమ్న" అలాగే ఉంది. ముందున్న పేరు మారింది. రెండే అక్షరాలు, చుక్కలు చుక్కలుగా. పప్పుగిన్నె మీద అదే. కాఫీ గ్లాసు మీద అదే. మా అమ్మ అడుగంటకుండా పాలు కాచుకోమని ఇచ్చిన మందపాటి గిన్నె మీద కూడా అదే.

అలమర దగ్గరికి పరుగెత్తుతాను. పుస్తకాల మొదటి పేజీలు ఒక్కొక్కటీ తెరుస్తాను. కుడివైపు పైన తెల్లగా ఉంది. సిరా ఆరిన చోటు నిమిరితే కాగితం కొంచెం తడిగా తగులుతుంది. అన్నీ అంతే. ఒక్కదాంట్లో మిగిలింది. అట్ట పోయిన పాత కథల పుస్తకం, ఎవరు రాశారో పేరే లేదు, దాని మొదటి పేజీలో నా పేరు ఇంకా నీలంగా ఉంది. దాన్ని చంకలో పెట్టుకుంటాను. స్నానానికి తప్ప కింద పెట్టను.

సాయంత్రం ప్రద్యుమ్న వస్తాడు. నన్ను చూసి నోరు తెరుస్తాడు, చక్రం తిరుగుతుంది, చెమట పడుతుంది. పాపం, ప్రయత్నం చేస్తాడు, అది నాకు తెలుసు. చివరికి "ఝరీ" అంటాడు.

"ఆఁ" అంటాను నేను.

అన్నాక ఇద్దరం ఒకరినొకరు చూసుకుంటాం. నేను ఎందుకు పలికానో నాకు తెలియదు. మెడలో పసుపుతాడు ఇంకా పచ్చగానే ఉంది, కానీ నా మోచెయ్యి పక్కనుంచి చూస్తే కొంచెం పలచబడినట్టుంది. పలికినకొద్దీ ఇంకా పలచబడతాను. ఆయన నోట నా పేరు రాకపోతే త్వరలోనే పక్కనుంచి నేనూ ఉండను.

వదినకు ఫోన్ చేస్తాను.

"ఓర్నాయనో," అంటుంది లోహిత వదిన పటమట నుంచి. "నిజంగానే వచ్చి కూర్చుందా? గిన్నెల మీద పేర్లు కూడానా? మీ అమ్మ చూస్తే నన్నే అంటుంది. ఆ రోజే ఇంకోసారి చెప్పించాల్సింది, కర్పూరం గోలలో పడి వదిలేశాను."

"ఇప్పుడేం చెయ్యాలి వదినా?"

"ఏముంది, అందరూ బయటికెళ్లి మళ్లీ రండి. నేను అడ్డం నిలబడతాను. సరైన పేరు చెప్తే సరైన మనిషి లోపలికొస్తుంది, మిగిలినోళ్లు బయటే." అంతలో గొంతు తగ్గిస్తుంది. "రెండోసారి నిలబడితే రెండో చీర పెట్టాలమ్మాయ్. ముందే చెప్తున్నా. మంగళగిరిది."

*

మర్నాడు పొద్దున్నే వదిన వస్తుంది. లోపల నిలబడి గుమ్మానికి అడ్డంగా చేతులు చాస్తుంది. మేం ముగ్గురం బయట వరండాలో వరసగా నిలబడతాం. నేను, మధ్యలో ప్రద్యుమ్న, అటు ఝరి. ఆమె సూట్‌కేసు తెచ్చుకుంది. జడ చివర ప్లగ్గు నేల మీద జీరాడుతోంది. నా చంకలో పుస్తకం ఉంది.

"ఎవరమ్మా వచ్చింది?" అంటుంది వదిన, మమ్మల్ని ఎప్పుడూ చూడనట్టు.

"నేను, ప్రద్యుమ్న గారు వచ్చాం," అంటాను. గొంతు బాగానే ఉంది.

"ఒరేయ్, నువ్వు?"

"నేను..." అంటాడు ప్రద్యుమ్న. నోట్లో చక్రం మొదలవుతుంది. "నేను, హి..."

"హి అంటే ఎవర్రా? పెళ్లాం పేరు చెప్పమంటే ఇకిలింపు చెప్తావేంటి?"

"అక్కా, రావట్లేదే."

"పెళ్లికార్డులో చదివావు కదా. తలంబ్రాలప్పుడు పంతులుగారు పాతికసార్లు పిలిచాడు కదా."

చక్రం గిరగిరా తిరుగుతుంది. ఆయన కళ్లలో నీళ్లు తిరుగుతాయి. అటువైపు ఝరి నిలబడి ఉంటుంది అంతే. అలా నిలబడడం ఆమెకు బాగా వచ్చు. ఆయన ఏ క్షణాన అలసిపోయి ఆ రెండక్షరాలే అనేస్తాడో నాకు తెలుసు. నా భుజం పలచబడుతుంది. మెడ పలచబడుతుంది. ఎదురింటి తలుపు నాలోంచి కనబడుతుంది.

పుస్తకం తెరిచి మొదటి పేజీ ఆయన ముందు పెడతాను. "చదువు," అంటాను. వదిన ముందే నువ్వు అనేస్తాను.

ఆయన చూస్తాడు. అక్షరాలు చిన్నవి. అలవాటుగా రెండు వేళ్లు వాటి మీద ఆనించి వెడల్పుగా లాగుతాడు.

నా పేరు పెద్దదవుతుంది. ముందు అరచెయ్యంత, తర్వాత తలుపంత. "హి" పేజీ మీంచి లేచి వరండా పైకప్పును తాకుతుంది, దాని గుడి ట్యూబులైటును నెడుతుంది. "మ" మెట్ల వైపు పొర్లుతుంది. "జ" ఎదురింటివాళ్ల తులసికుండీ చుట్టూ తిరిగి నిలబడుతుంది. సిరా ఇంకా ఆరలేదు. నా చేతిరాత ఇంత వంకరగా ఉంటుందని నాకు ఇప్పుడే తెలుస్తుంది.

"చూపిస్తే కుదరదు," అంటుంది వదిన లోపల్నుంచి. "చెప్పాలి."

ప్రద్యుమ్న మొదటి అక్షరం దగ్గరికి నడుస్తాడు. ఇక తొయ్యడు, లాగడు. చూపుడువేలు దాని మీద పెట్టి, బడిలో పలక మీద దిద్దినట్టు, కింద నుంచి పైదాకా దిద్దుతాడు. అందనిచోట మునివేళ్ల మీద లేస్తాడు. రెండోదాని దగ్గరికి వెళ్తాడు. మూడోదాని కోసం తులసికుండీ చుట్టూ తిరిగొస్తాడు. వేలు మొత్తం నీలం అవుతుంది. నేను చూస్తూ ఉంటాను. ఆయన దేని ముందైనా ఇంతసేపు ఉండగలడు, నా ముందు కూడా.

"నేను," అంటాడు. "హిమజ వచ్చాం."

చక్రం ఆయన నోట్లోంచి ఊడి కింద పడుతుంది. గాజులా టింగుమంటుంది. దొర్లుకుంటూ వెళ్లి ఝరి కాలికి తగిలి ఆగుతుంది. ఝరి వంగి, దాన్ని తీసి చేతికి తొడుక్కుంటుంది.

నా మోచెయ్యి మందంగా అవుతుంది. వంటింట్లో గిన్నెలన్నీ ఒక్కసారి గలగలమంటాయి.

"రండి నాయనా రండి," అంటుంది వదిన. చేతులు దించుతుంది. "కుడికాలు, కుడికాలు."

అప్పుడే లిఫ్టు వస్తుంది. తలుపు తెరుచుకుంటే లోపల ఝరిలాగే మూతపడినవాళ్లు కిక్కిరిసి ఉన్నారు. వంటలు చూపించినవాడు, భజనలు వినిపించినామె, పల్లెటూళ్ల కబడ్డీ పోటీలు ప్రసారం చేసిన బక్కపలచని కుర్రాడు. అందరి నుదుట చక్రాలు, అందరి చేతుల్లో సూట్‌కేసులు. సెల్లారులోకి వెళ్తున్నారు. ఝరి ముందు సూట్‌కేసు లోపల పెడుతుంది. ఎక్కి, పక్కకు తిరుగుతుంది. పక్కకు తిరిగితే ఆమె ఉండదు. నీలం అంచు మాత్రం కొంచెం.

నేను గెలిచాను. కుడికాలు గడప మీద ఉంది. మా ఆయన నా చిటికెనవేలు పట్టుకుని ఉన్నాడు, నీలం సిరా నా వేలికి కూడా అంటింది. లిఫ్టు తలుపులు దగ్గరవుతున్నాయి. ఇంకొక్క క్షణం ఊరుకుంటే చాలు.

"ఝరీ!" అని అరుస్తాను. "ఆ సంచిలో ఏముంది?"

లిఫ్టు తలుపులు ఆగిపోతాయి. వదిన రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంటుంది.

"ఓసి నీ కథల పిచ్చి తగలెయ్య," అంటుంది. "గడప మీద కాలు పెట్టి పిలిచావు కదే!"

"కథ మధ్యలో ఉంది వదినా."

"ఉంటే? చెప్పిన పేరు చెప్పినట్టే. నన్నేం చెయ్యమంటావు?"

ఝరి లిఫ్టులోంచి దిగి వస్తుంది. ప్రద్యుమ్న వైపు చూడదు. ఈసారి పిలిచింది ఆయన కాదు. నా పక్కనుంచి లోపలికి నడిచి, సోఫాలో నా చోటు పక్కన కూర్చుని, నాకోసం చోటు తట్టి చూపిస్తుంది.

*

"నాకు తెలీదని చెప్పానుగా," అంటుంది. "నువ్వే చదువు. చదివితే తెలుస్తుంది." అక్కా అనడం మానేసింది.

అట్ట పోయిన పుస్తకం తెరుస్తాను. ఇందులో ఇంతకు ముందు వేరే కథలుండేవి. ఇప్పుడు లాంచీ ఉంది, అమ్మాయి ఉంది, కాగితం మీద ఇంజను చమురు వాసన. పైకి చదువుతాను. ఝరి నా ఒళ్లో తల పెట్టుకుంటుంది. బరువు లేదు. ఫ్రిజ్ మళ్లీ పనిచేస్తోంది. జడ చివర నా వేలికి చుట్టుకుని ఉంది, అది చాలట.

ప్రద్యుమ్న మాకు ఎదురుగా నిలబడతాడు. తర్వాత పక్కన నిలబడతాడు.

"నేనూ వింటాను," అంటాడు.

"వినండి," అంటుంది ఝరి. "చప్పుడు చెయ్యకండి."

"నీ మొదటి పేజీ నేనే గీశాను."

"ఇది నూట ఎన్నో పేజీ."

ఆయన ముఖం చిన్నబోతుంది. నన్ను చూస్తాడు, ఆమెను చూస్తాడు, మా మధ్య తెరిచి ఉన్న పుస్తకాన్ని చూస్తాడు. ఇన్నాళ్లూ నేను ఎలా చూశానో సరిగ్గా అలా చూస్తాడు. నాకు లోపల ఎక్కడో గుప్పెడు మరమరాలు పోసినట్టవుతుంది. చూస్తుండగానే ఆయన అసూయతో పలచబడతాడు. ముందు భుజాలు, తర్వాత ఛాతీ, తర్వాత పెళ్లికి కొన్న గళ్ల చొక్కా. అరటాకంత పలచన. తాటాకంత పలచన. అప్పుడు వంగి, ఎవరినీ అడక్కుండా, నేను చదువుతున్న రెండు పేజీల మధ్యకు దూరిపోతాడు. పైన జుట్టు మాత్రం కుచ్చులా బయటికి ఉంటుంది.

నా జీవితంలో మొదటిసారి నేను ఎక్కడ ఆగానో నాకు కచ్చితంగా తెలుసు. ఇది జారిపోదు.

కింద ఇంజను మొదలవుతుంది. టైల్స్ సన్నగా అదురుతాయి. హాలు వరండా నుంచి విడిపోయి నెమ్మదిగా కదులుతుంది, సోఫా కింద నీళ్ల చప్పుడు. ఇంటికి వెళ్దామని గడప దాటిన వదిన అవతల ఒడ్డున చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని నిలబడింది. "మంగళగిరిది అన్నాను, గుర్తుంచుకో!" అని అరుస్తుంది. ఆమె వెనక నా పేరు, ఇప్పటికి మూడంతస్తుల ఎత్తు పెరిగి, కొండ ముక్కను మూసేస్తూ, చిన్నదవుతూ వెళ్తుంది.

"చదువు," అంటుంది ఝరి.

చదువుతాను. నది మధ్య. అతనికి కునుకు పడుతుంది. అమ్మాయి చుక్కాని వదిలి, మోకాళ్ల మీద కూర్చుని, ముడి విప్పుతుంది. లోపలికి చూస్తుంది. సంచిలో, అని చదివి, పుస్తకం మూసేస్తాను.

పేజీల మధ్య నుంచి, ఊపిరాడనట్టు, కానీ ఎక్కడా ఆగకుండా ఆయన గొంతు వస్తుంది. "హిమజా!"

ఝరి తలెత్తి చూస్తుంది. "అదేనా సంచిలో ఉన్నది?"

పుస్తకం తెరుస్తాను. ఇంకోసారి పిలుస్తాడని మళ్లీ మూస్తాను.